బండవేషం నాడు తిట్టిన కోడలు

తిరుపతి గంగజాతరలో బండవేషం నాడు ఎవరు ఎవరినైనా తిట్టవచ్చు. ఒళ్ళంతా కుంకుమ పులుముకుని వీధిలోకి వచ్చినవాడి నోటికి ఆ రోజు అడ్డూ ఆపూ ఉండదు. తిట్టినవాడికి పాపం రాదు, తిట్లు తిన్నవాడికి గంగమ్మ దీవెన తగులుతుంది. ఏడాది పొడుగునా యాత్రికులతో నవ్వుతూ మాట్లాడి అలిసిపోయిన ఊరు, ఆ ఒక్క రోజు కడుపులో ఉన్నదంతా కక్కేసుకుని తేలికపడుతుంది. ఇది తెలియని పైఊరి మనిషి బస్సు దిగి, జానెడు లేని పిల్లకాయ చేత అమ్మనా బూతులు తిని బిత్తరపోతాడు. ఆయన్ను చూసి నవ్వడం కూడా జాతరలో భాగమే.

ఆ వేషానికి కుంకుమ కలపడంలో గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట పక్క సందుల్లో నాగరత్నమ్మను మించినవాళ్ళు లేరు. పలచన కాకుండా, చెమటకు కారిపోకుండా కలుపుతుంది. ఏటా సందులోని పిల్లకాయలంతా ఆమె అరుగు ముందు వరస కట్టి, చొక్కాలు విప్పి నిలబడతారు. ఆమె పులుముతూనే ఒక్కొక్కడికీ నాలుగు తిట్లు నేర్పించి పంపుతుంది. తిట్టడానికి ఆమెకు మాత్రం వేషం అక్కర్లేదు, సంవత్సరమంతా ఆమెకు బండవేషమే అని సందులో వాళ్ళు అంటారు. మొగుడు పోయాక పూలకొట్టు పెట్టుకుని ఒక్కతే కొడుకును పెంచిన మనిషి. నోరు లేకపోతే ఆ పూలకొట్టును ఎవరో ఒకరు ఎప్పుడో లాగేసుకునేవాళ్ళు.

ఆమె కోడలు జయంతి అందుకు పూర్తిగా ఎదురు. వడమాలపేట పిల్ల. కాపురానికి వచ్చింది మొదలు అత్త మాటకు బదులు చెప్పి ఎరగదు. కూరలో ఉప్పు తక్కువైందన్నా, సంగట్లో ఉండలు ఉన్నాయన్నా, ముగ్గు వంకరగా పోయిందన్నా తల ఊపి ఊరుకునేది. "దీనికి నోరు పెట్టేది మర్సిపోయినాడు దేవుడు" అని నాగరత్నమ్మ ఇరుగుపొరుగు దగ్గర చెప్పుకునేది. జయంతికి నోరు లేక కాదు. ఆమె పుట్టింట్లో నాయనదీ అమ్మదీ రోజూ కేకలే. ఆ కేకలకు జడిసి, నా ఇంట్లో ఇది ఉండకూడదని చిన్నప్పుడే గట్టిగా అనుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు కాబట్టి అందరూ ఆమెను పిరికిదని అనుకున్నారు.

ఆ ఏడు జాతరకు ఇంకో వారం ఉందనగా నాగరత్నమ్మ కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు లేచాయి. గుచ్చినట్టు చిన్న చిన్న చుక్కలు. ఎదురింటి వరలక్ష్మమ్మ వచ్చి చూసి చెంపలు వేసుకుంది.

"అమ్మోరు పోసిందిమే రత్నమ్మా. జాతరకు ముందే నీ ఇంటికి వచ్చేసింది తల్లి. ఎంత పున్నెం చేసుకున్నావో."

ఇక్కడ మనవాళ్ళ తెలివి తెల్లారింది. ఒంటి మీద ఎర్రచుక్క కనబడితే అమ్మవారే అనుకునే ఊరు, అందులోనూ జాతర నెల. మంచం మీద వేపమండలు పరిచారు, గుమ్మానికి వేపాకు కట్టారు. అమ్మవారు ఇంట్లో ఉండగా మందూ మాకూ ముట్టకూడదు. పెరుగన్నం, చలువ నీళ్ళు, అంతే. నాగరత్నమ్మ కొడుకు మోహన్ కొండ మీదికి టాక్సీ నడుపుతాడు. నోరు తెరిస్తే గోవిందా అనే మనిషి, ఎర్రచుక్కలకు ఇంకో అర్థం ఉంటుందని అనుకోనే లేదు. మనవరాలు రూపశ్రీ డిగ్రీ చదువుతోంది. "అవ్వను డాక్టరుకు చూపిద్దాం" అని ఒకసారి అన్నది, అందరూ కలిసి ఆ పిల్ల నోరు మూయించారు.

మూయించని నోరు జయంతిది, ఎందుకంటే అది తెరుచుకోలేదు. ఆమె బట్టలు ఉతుకుతోంది. జాతర నెలలో అత్త చీరచెంగుకు ఎరుపు అంటడం కొత్త కాదు. కుంకుమ నీళ్ళలో పడగానే గులాబీరంగై పారిపోతుంది. ఈసారి చెంగు మీది మరక పారిపోలేదు, నల్లబడి అక్కడే ఉంది. జయంతి దాన్ని వేలితో రుద్ది, వాసన చూసి, కాసేపు పంపు కట్టకుండా అట్లాగే కూర్చుంది. మర్నాడు పొద్దున అత్త వేపపుల్లతో పళ్ళు తోముకుంటుంటే పక్కనే నిలబడి చూసింది. ఉమ్మిందంతా నెత్తురే.

"పుల్ల గుచ్చుకుంది, పోమే" అంది నాగరత్నమ్మ.

అమ్మవారు పోస్తే చిగుళ్ళలో నెత్తురు వస్తుందని జయంతి ఎప్పుడూ వినలేదు. అప్పటికి జాతర చాటింపు పడిపోయింది, ఊరంతా జాతర సందడి. జయంతి, రూపశ్రీ కాలేజీలో ఇంట్లో పెద్దవాళ్ళ రక్తం గ్రూపు అడుగుతున్నారని అబద్ధమాడి, అత్తను ఆటో ఎక్కించుకుని రక్తపరీక్షకు తీసుకుపోయింది. కాపురానికి వచ్చాక ఆమె అత్తతో ఆడిన మొదటి అబద్ధం అదే. మనవరాలి చదువు మాట ఎత్తితే నాగరత్నమ్మ పాముపుట్టలోనైనా చెయ్యి పెడుతుంది, చెయ్యి చాపింది.

మర్నాడే బండవేషం. పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. జయంతీ మోహనూ పరుగెత్తుకుపోయారు. డాక్టరమ్మ వాళ్ళను కూర్చోమని కూడా అనలేదు.

"ఇది అమ్మవారు కాదమ్మా. రక్త కేన్సరు. అందులో ఈ రకానికి మంచి మందు ఉంది, వాడితే చాలామంది పూర్తిగా లేచి తిరుగుతారు. కానీ మందు మొదలుపెట్టేలోపల తలలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం కారిందంటే ఎవరమూ ఏమీ చెయ్యలేం. ఈ పూట ఇక్కడ మంచం ఖాళీ లేదు. వేలూరులో మాట్లాడాను, వాళ్ళు ఎదురుచూస్తారు. రేపు బయలుదేరతామని అనకండి. ఇప్పుడే పోండి."

మోహన్ టాక్సీని సందు మొగదలలో ఆపి లోపలికి వచ్చేసరికి నాగరత్నమ్మ అరుగు మీద కూర్చుని కుంకుమ కలుపుతోంది. చుట్టూ పిల్లకాయలు. అమ్మవారు పోసిన చేత్తో పులిమించుకుంటే ఇంకా మంచిదని వరస మామూలుకంటే పొడుగ్గా ఉంది. మోహన్ తల్లి పక్కన కూలబడి విషయమంతా చెప్పాడు.

నాగరత్నమ్మ ఇంకో పిడికెడు కుంకుమ గిన్నెలో పోసుకుంది. మళ్ళీ కలపసాగింది.

"జాతర అయినాక పోదాం."

"అమ్మా, అంతదాకా ఆగేది లేదంట."

"చాటింపు పడినాది కదరా. ఊరోళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట పండుకోకూడదు. మా అత్త దాటలా, ఆయమ్మ అత్తా దాటలా. నేను దాటను."

మోహన్ బతిమాలాడు, కాళ్ళు పట్టుకున్నాడు, చివరికి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె కదల్లేదు. అతను ఏడుపు ఆపకపోయేసరికి గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది.

"దాటిన ఇంట్లో పిల్లలు నిలవరంటారు. నా మనవరాలు ఉండాది ఇంట్లో. నేను ముసిలిదాన్ని, పోతే పోతాను. ఆ పిల్ల మీదికి తెచ్చేది నాకొద్దు నాయనా."

గుమ్మంలో నిలబడ్డ రూపశ్రీ వెక్కి వెక్కి ఏడుస్తోంది. సందులోని ఆడవాళ్ళు పైట నోట్లో కుక్కుకుని, రత్నమ్మ మనసు ఎంత గొప్పదో అన్నట్టు చూస్తున్నారు. ఇంకో గంట గడిస్తే ఆ చావును అందరూ కలిసి ఒప్పేసుకునేటట్టు ఉన్నారు. జయంతికి ఒళ్ళు మండిపోయింది. భయం కాదు, దుఃఖం కూడా కాదు, పచ్చి కోపం. ఇంత మంచిమనిషిని ఇంత తేలిగ్గా పోనిచ్చే మంచితనం ఎందుకు, ఎవరిని కాల్చడానికి అనుకుంది.

వంగి అత్త ఒళ్ళోని గిన్నె లాక్కుంది. రెండు చేతులూ ముంచి కుంకుమ మొహానికి పులుముకుంది, మెడకూ చేతులకూ పూసుకుంది. పిల్లకాయలు పక్కకు జరిగారు. సందు చివర డప్పు వాయిస్తున్నవాడు చెయ్యి ఆపేశాడు.

"ఒసేయ్ రత్నమ్మా" అంది జయంతి.

సందు మొత్తానికీ వినబడింది. అత్తను ఎన్నడూ పేరు పెట్టి పిలవని మనిషి, ఒసేయ్ అంది.

"పొలిమేర లోపల సచ్చినావని గంగమ్మ నీకు పట్టుసీర పెడతాదనుకుంటా ఉండావా? నీ మొండితనం కాష్టంలో కాల. నీ మొగాన పేడనీళ్ళు సల్ల. వచ్చిన కాడి నుంచి నా కూరకు వంక, నా సంగటికి వంక, నా ముగ్గుకు వంక. నోరెత్తకుండా పడినానే, ఇట్ట ఒక్క మాటతో సచ్చిపోతానంటే పోనిస్తాననుకున్నావా? గంగమ్మ ఆడోళ్ళ మీద పడే పాలెగాణ్ణి ఎతుక్కుంటా ఊరంతా తిరిగింది ఎందుకే? ఆడోళ్ళను కాపాడేదానికి. ఆ తల్లి నీ నెత్తురు కారిపోతా ఉంటే పొలిమేర కాడ కూసోని కాపలా కాస్తాదా? గంగమ్మను అంత మాటనేదానికి నీకు సిగ్గు లేదా?"

ఆ తరువాత ఆమె అన్నవి అచ్చులో పెట్టడానికి వీల్లేదు. వడమాలపేటలో చిన్నప్పుడు నాయన నోట విన్నవి, విననట్టు నటించినవి, అన్నీ వరసపెట్టి వచ్చాయి. బండవేషంలో ఆరితేరిన కుర్రాళ్ళు కూడా కొన్నిటికి తలలు దించుకున్నారు. చివరికి ఊపిరి అందక ఆగింది. మొహం మీది కుంకుమ కన్నీళ్ళతో చారలు పడింది.

"దాటేది నువ్వు కాదు, దాటించేది నేను. వచ్చేది ఏదైనా నా నెత్తిన రానీ. ఈడుండే అందరూ సాచ్చికం. పాపం నాది, ప్రాణం నీది. లేసి కారెక్కు."

నాగరత్నమ్మ కోడలిని పైనుంచి కిందికి చూసింది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చాలాసేపు చూసింది. తరువాత చేతులు చెంగుకు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచింది.

"సంగట్లో ఉండలుండేది మాత్రం నిజమే" అని నడిచి కారు దగ్గరికి పోయింది.

కారు చంద్రగిరి రోడ్డెక్కి ఊరి పొలిమేర దాటేటప్పుడు ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచాక కోడలి వైపు తిరగలేదు. చిత్తూరు వచ్చినా, తమిళ బోర్డులు మొదలైనా ఒక్క మాట లేదు. ఏడాది పొడుగునా మోగే నోరు మూతపడేసరికి జయంతికి భయం అప్పుడు వేసింది. మొహం మీది ఎరుపును కొంగుతో తుడుచుకుంటూ, ఏం చేసినాను నేను అని లోలోపల వణికింది.

వేలూరులో ఆ సాయంత్రమే మాత్రలు మొదలయ్యాయి. నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారు. మోహన్ టాక్సీ స్టాండులోని డ్రైవర్లకు కబురు పెట్టాడు. వాళ్ళూ చాటింపుకు కట్టుబడిన తిరుపతివాళ్ళే. అందుకని తెల్లారగానే నలుగురైదుగురు ఒక బండిలో బయలుదేరేవాళ్ళు, సూదులు పొడిపించుకుని రక్తం ఇచ్చేవాళ్ళు, పొద్దుగూకేలోపల పొలిమేర లోపల పడేవాళ్ళు. జాతర అయ్యేదాకా రోజూ అదే వరస. తిరుమలయ్య అనే పెద్ద డ్రైవరు, వయసు మీరిందని రక్తం తీసుకోకపోతే, అలిగి అందరికీ ఇడ్లీలు కొనిపెట్టి వెళ్ళాడు.

నాగరత్నమ్మ మాత్రం కోడలితో మాట్లాడలేదు. మాత్ర ఇస్తే మింగేది, నీళ్ళిస్తే తాగేది, మొహం గోడవైపు. రోజూ పొద్దునా సాయంత్రం ఫోన్లో మనవరాలిని చూపించమని కొడుకును అడిగేది. "జ్వరం ఏమన్నా ఉండాదా? కాళ్ళు సూపించు." రూపశ్రీ ఫోన్ కిందికి దించి పాదాలు, పిక్కలు చూపించేది. చుక్కల్లేవని తేలాక గాని అవ్వ అన్నం ముట్టేది కాదు.

రెండో వారంలో ఆమెకు ఊపిరి ఆడలేదు. జ్వరం వచ్చింది, మొహం ఉబ్బింది, మూతికి ఆక్సిజన్ పెట్టారు. జయంతి వార్డు బయట నేల మీద కూర్చుండిపోయింది. గంగమ్మ పేరు తలుచుకుని నిష్ఠూరమాడింది. పాపం నాకే అని అందరి ముందూ చెప్పినాను కదా తల్లీ, నన్ను వదిలిపెట్టి ఆమెను పట్టుకుంటే ఎట్టా, ఇది న్యాయమా అని గొణుగుతూనే ఉంది. మందు చెడ్డ కణాలను మారుస్తున్నప్పుడు కొందరికి ఇలా అవుతుందనీ, దానికీ మందు ఉందనీ డాక్టరు వచ్చి చెప్పాడు. ఆమెకు ఆ మాటలు చెవిలో పడ్డాయి గాని లోపలికి పోలేదు. రెండు రోజులు ఆమె తిన్నదేమీ లేదు. మూడోనాడు పొద్దున నర్సు వచ్చి లోపలికి రమ్మంది.

నాగరత్నమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆక్సిజన్ తీసేశారు. సెలైను స్టాండుకు వేలాడుతున్న మందును వేలితో చూపిస్తూ నర్సును ఏదో అడుగుతోంది. నర్సు తమిళ పిల్ల. ఆర్సెనిక్ అని చెప్పింది. అంటే ఏమని నాగరత్నమ్మ అడిగింది. ఆ పిల్ల ఆలోచించి, "పాషాణం దా, పాట్టీ" అంది నవ్వుతూ, విషమే అవ్వా అన్నట్టు.

నాగరత్నమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని కోడలి వైపు తిరిగింది.

"మే జయంతీ. నడివీధిలో తిట్టింది సాలక నాకు పాషాణం గూడా పెట్టిస్తా ఉండావా?"

అని పకపకా నవ్వింది. నవ్వుకు దగ్గు వచ్చింది, దగ్గుతూనే నవ్వింది. జయంతి బయటికి పరుగెత్తి, వరండా కిటికీ పట్టుకుని భోరుమని ఏడ్చింది. ఆ ఏడుపులో ఎంత సంతోషం ఉందో ఆమెకే తెలుసు.

ఆ రోజు నుంచి వార్డుకు నిద్ర లేదు. పాషాణం తిని లోకంలో అందరూ చస్తారు, నేను బతుకుతా ఉండానని పక్క మంచాలవాళ్ళందరికీ చెప్పింది. భాష రాని బెంగాలీ ముసలాయనకు చేతులతో చెప్పింది. కోడలు అత్తకు విషం పెట్టిస్తే పోలీసులు పట్టుకుపోతారు గదా, ఈ ఆసుపత్రిలో దగ్గరుండి పెట్టిస్తారే అని డాక్టరును నిలదీసింది. జయంతి ఆసుపత్రి పక్క లాడ్జిలో గది తీసుకుని కుక్కరు పెట్టుకుంది. వారానికి రెండుసార్లు మోహన్ వచ్చి తల్లి కాళ్ళు ఒత్తేవాడు, ఆ పూట జయంతి ఓ కునుకు తీసేది. సెలవు రోజుల్లో రూపశ్రీ వచ్చి అవ్వకు ఒళ్ళు తుడిచేది, తల దువ్వేది. పచ్చిది ఏదీ పెట్టకూడదు, పైవాళ్ళను రానివ్వకూడదు. పరామర్శకు పళ్ళతో వచ్చిన చుట్టాలను జయంతి మెట్ల దగ్గరే ఆపి, పళ్ళు తీసుకుని పంపేసేది. ఎవరికన్నా కోపం వస్తే రానీ అనుకునేది. తెరుచుకున్న నోరు మళ్ళీ పూర్తిగా మూసుకోలేదు.

నెల దాటాక ఎముకలోంచి మూలుగ తీసి చూశారు, జబ్బు కనబడలేదు. అయినా మళ్ళీ రాకుండా కొన్ని నెలలు విడతలు విడతలుగా పాషాణం ఎక్కించాలన్నారు. వానలు వచ్చాయి, పోయాయి. మధ్యలో కాళ్ళు తిమ్మిరెక్కి నడవలేకపోయింది, ఒకసారి విసుగొచ్చి ఇంక చాలు పొమ్మంది. చాలో చాలదో చెప్పాల్సింది డాక్టరు, నువ్వు కాదు అని కోడలు గట్టిగా అంటే, గొణుక్కుంటూ చెయ్యి చాపింది. మాఘమాసంలో ఆఖరి పరీక్ష చేశారు. కాగితం చూసి డాక్టరు లేచి నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. ఎక్కడా ఆనవాలు లేదు, ఇంక మందు అక్కర్లేదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుంటే చాలు అన్నాడు.

"నాకెందుకు దండం. సూదులు పొడిసింది మీరు, వండి పెట్టింది ఇది" అంది నాగరత్నమ్మ. మోహన్ అక్కడే తల్లిని రెండు చేతులా ఎత్తేశాడు, నడుం పట్టేసినా దించలేదు.

కారు సందు మొగదలకు వచ్చేసరికి డప్పులు మోగుతున్నాయి. డ్రైవర్లంతా వచ్చారు. కుంకుమ పులిమించుకునే పిల్లకాయలంతా వచ్చారు. నాగరత్నమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, అరుగు దాకా నడిచింది. సన్నబడింది గాని నడకలో పొగరు తగ్గలేదు. రూపశ్రీ ఎదురొచ్చి నిలబడితే వంగి ముందు ఆ పిల్ల పాదాల వైపు చూసింది, తరువాత మొహం పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

వరలక్ష్మమ్మ హారతి పళ్ళెంతో వచ్చింది. అందరూ హారతి నాగరత్నమ్మకు అనుకుంటే, వరలక్ష్మమ్మ పోయి జయంతి ముందు నిలబడింది.

"ఆ పొద్దు మాట్లాడింది ఈ పిల్ల కాదు. నోట్లో నాలుక లేని పిల్ల అట్టాంటి మాటలు యాడనుంచి తెస్తాది? గంగమ్మే దీని మీదికి వచ్చి తిట్టింది. తల్లే దగ్గరుండి పొలిమేర దాటించింది. రాండి, అందరూ కాళ్ళకు మొక్కుకోండి."

ఔనౌనన్నారు అందరూ. సందులో అప్పటికే ఆ మాట స్థిరపడిపోయి ఉంది. ఇద్దరు వంగనే వంగారు. జయంతి వెనక్కి జరిగింది. గంగమ్మ పేరు చెబితే కాదని ఎట్లా అనడం? కానీ లోపల ఎక్కడో చివుక్కుమంది. ఆ కోపం తనది. ఆ వణుకు తనది. వార్డు బయట నేల మీద కూర్చుని పడిన భయం తనది. అదంతా తనది కాదని ఇంతమంది ఇంత ప్రేమగా చెబుతున్నారు.

"వరలక్ష్మీ, ఆ పళ్ళెం దించు."

నాగరత్నమ్మ గొంతు. డప్పులు ఆగిపోయాయి.

"గంగమ్మ ఎందుకు తిడతాది నన్ను? సచ్చిపోయుంటే ఆ తల్లి దగ్గరికే పోయుందును. ఆయమ్మకు పోయేదేముండాది? మీరంతా ఏడ్సి, నన్ను మంచిదని పొగిడి, కాటికి మోసేసి వచ్చుందురు. నన్ను పోనీకుండా పట్టుబట్టింది ఇదొక్కతే. నాకోసరం పాపం నెత్తినేసుకుంది ఇదొక్కతే. నన్ను తిట్టింది గంగమ్మ కాదు. నా కోడలు."

వరలక్ష్మమ్మ పళ్ళెం దించింది. జయంతి అత్త మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఆమెకు దక్కిన మొదటి మెప్పు అది, ఇంక దేనికీ వంక పెట్టినా ఫర్వాలేదనిపించింది. ఏడుపు వస్తుందనుకుంది గాని రాలేదు. దానికి బదులు గొంతు వచ్చింది, సందు చివరి దాకా వినబడే గొంతు.

"మాట్లాడింది సాలత్తా. ఎండలో నిలబడొద్దు, లోపలికి రా."

"వస్తా ఉండానమ్మా" అని నాగరత్నమ్మ కోడలి వెంట లోపలికి పోయింది.